వ్యసనానికి లెక్క కట్టినవాళ్లు

వ్యసనం అనే మాటకి సంస్కృతంలో రెండు అర్థాలున్నాయి. ఒకటి చెడ్డ అలవాటు, రెండోది ఆపద. మన పెద్దలు రాజులకి తగదని చెప్పిన సప్తవ్యసనాల పట్టీ చూస్తే అందులో తాగుడు, జూదం, వేట, స్త్రీలోలత్వంతో పాటు పరుషంగా మాట్లాడటం, కఠినంగా దండించటం, డబ్బు దుబారా చెయ్యటం కూడా ఉన్నాయి. అంటే తాగేవాడికీ, వాణ్ణి మితిమీరి శిక్షించేవాడికీ ఒకే పట్టీలో చోటిచ్చారన్నమాట. ఇది తప్పా, లేక మనిషికి వచ్చిన ఆపదా అన్న తగువు మనకి కొత్త కాదు. అమెరికాలో ఈ తగువు ఎలా నడిచిందో, దాని మధ్య న్యూయార్కులో పుట్టిన ఒక పరిశోధన సంస్థ ఏం చేసిందో ఈ వ్యాసంలో చెప్పుకుందాం. ఆ సంస్థ పూర్తిపేరు నేషనల్ సెంటర్ ఆన్ అడిక్షన్ అండ్ సబ్‌స్టన్స్ ఎబ్యూజ్. పొట్టిపేరు కాసా. లాభాపేక్ష లేని సంస్థగా 1992లో కొలంబియా యూనివర్సిటీకి అనుబంధంగా మొదలైంది.

మన సంఘాల్లో డాక్టర్లకి కొదవలేదు. డాక్టర్లు కానివాళ్ల ఇళ్లలో చదువుకునే పిల్లలున్నారు. కాసా ముఖ్యంగా ప్రశ్నలు వేసింది కూడా ఈ ఇద్దరికే, డాక్టర్లకీ, తల్లిదండ్రులకీ. అందుకని ఈ కథ మనది కూడా.

ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. అమెరికా 1920 జనవరిలో దేశం మొత్తం మీద మద్యనిషేధం పెట్టి 1933 డిసెంబరులో ఎత్తేసింది. నిషేధం పోయాక రెండేళ్లకే రెండు సంగతులు జరిగాయి. 1935లో ఒహాయోలోని ఏక్రన్ పట్టణంలో తాగుడుతో చితికిపోయిన ఒక స్టాకు వ్యాపారి, ఒక సర్జను కలిసి ఆల్కహాలిక్స్ ఎనానిమస్ మొదలుపెట్టారు. అదే ఏడాది కెంటకీలోని లెక్సింగ్టన్‌లో ఫెడరల్ ప్రభుత్వం మత్తుమందులకి అలవాటుపడినవాళ్ల కోసం ఒక పెద్ద సంస్థ తెరిచింది. అది సగం జైలు, సగం ఆసుపత్రి, చుట్టూ పొలం. జనం దాన్ని నార్కోటిక్ ఫారం అనేవారు. శిక్షపడి వచ్చినవాళ్లూ, తమంతట తామే వచ్చి చేరినవాళ్లూ ఒకే కప్పు కింద ఉండేవారు. అక్కడి పరిశోధనశాలలో వ్యసనం గురించి శాస్త్రానికి తెలిసింది చాలానే ఉంది. కాని ప్రయోగాలకి ఒప్పుకున్న ఖైదీలకి ప్రతిఫలంగా ఆ మత్తుమందులే ఇచ్చేవారు. ఇది 1970లలో కాంగ్రెసు విచారణలో బయటపడి పెద్ద అల్లరి అయింది. ఆసుపత్రిగా లెక్సింగ్టన్ కథ 1974లో ముగిసింది.

ఇంకోపక్క యేల్ యూనివర్సిటీలో తాగుడు మీద శాస్త్రీయంగా పనిచేసే ఒక కేంద్రం తయారైంది. 1940లో ఒక పత్రిక పెట్టారు, 1943 నుంచి వేసవి పాఠశాల నడిపారు. 1962లో ఆ కేంద్రం రట్గర్స్ యూనివర్సిటీకి తరలిపోయింది. ఆ కేంద్రంలో పేరుపడ్డ పరిశోధకుడు జెలినెక్. తాగుడు మెట్టు మెట్టుగా ముదిరే జబ్బు అని ఆయన గీసిన పటం ప్రపంచమంతా తిరిగింది. ఆ పటానికి ఆధారం మటుకు చాలా చిన్నది. ఆల్కహాలిక్స్ ఎనానిమస్ వారి పత్రికలో వేసిన ప్రశ్నావళికి 158 జవాబులు వచ్చాయి. అందులో లెక్కలోకి తీసుకున్నవి 98. ఆడవాళ్ల జవాబులు మగవాళ్ల జవాబులతో పొసగలేదని పక్కన పెట్టేశారు. అయినా ఈ దేశపు వైద్యసంఘం, అంటే అమెరికన్ మెడికల్ అసోసియేషన్, 1956లో తాగుడుని వైద్యం చెయ్యవలసిన రోగాల్లో చేర్చింది. ఆలోచన సరైన దారిలోనే నడిచింది, లెక్క మటుకు వెనకబడింది. వ్యసనం మీద జరిగిన పనిలో ఇది తరచుగా కనిపించే సంగతి.

ఇక కాసాని పుట్టించిన మనిషి గురించి. జోసెఫ్ కాలిఫానో బ్రూక్లిన్‌లో 1931లో పుట్టిన లాయరు. 1965 జులైలో ప్రెసిడెంటు జాన్సన్ దగ్గర స్వదేశ వ్యవహారాల సహాయకుడుగా చేరాడు. ఆ నెలాఖరునే మెడికేర్ చట్టం మీద సంతకమైంది. అక్టోబరు 3న లిబర్టీ విగ్రహం పాదాల దగ్గర కొత్త ఇమిగ్రేషన్ చట్టం మీద సంతకమైంది. మొదటి చట్టం ఈ దేశానికి డాక్టర్ల అవసరం పెంచింది. రెండో చట్టం గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాదు, కాకినాడ మెడికల్ కాలేజీల నుంచి వచ్చిన మనవాళ్లకి తలుపు తీసింది. మనం ఇక్కడ సంక్రాంతి సభలు జరుపుకుంటున్నామంటే ఆ సంవత్సరపు పుణ్యమే. కాలిఫానో ఆ ఇంటి కొలువులో ఉన్న మనిషి.

కాలిఫానో రోజుకి పెట్టెలకి పెట్టెలు సిగరెట్లు కాల్చేవాడు. 1975లో పసివాడైన కొడుకు అడగటంతో మానేశాడు. రెండేళ్ల తరవాత కార్టర్ ప్రభుత్వంలో ఆరోగ్య, విద్య, సంక్షేమశాఖ కార్యదర్శి అయ్యాడు. 1978 జనవరిలో ఆయన సిగరెట్ల మీద దేశవ్యాప్తంగా ఉద్యమం ప్రకటించాడు. పొగాకు పండే రాష్ట్రాల రాజకీయ నాయకులు మండిపడ్డారు. 1979 జులైలో కార్టర్ ఆయన్ని పదవి నుంచి తప్పించాడు. పొగాకు ఒక్కటే కారణం కాకపోయినా అది ఒక కారణమని అందరూ అనుకున్నదే. పొగాకు పంట రాజకీయం ఎంత బలమైనదో గుంటూరు, ప్రకాశం జిల్లాలవాళ్లకి వేరే చెప్పక్కరలేదు.

కాలిఫానో 1992లో కాసా పెట్టినప్పుడు ఆయనతో కలిసిన డాక్టరు హెర్బర్ట్ క్లెబర్. ఈయన సైకియాట్రిస్టు. 1964లో ప్రభుత్వం ఆయన్ని లెక్సింగ్టన్‌కి పంపింది. అక్కడ ఉన్న రెండేళ్లలో వైద్యం చేయించుకుని బయటికి వెళ్లినవాళ్లు మళ్లీ మళ్లీ తిరిగిరావటం కళ్లారా చూశాడు. తరవాత యేల్‌లో చాలాకాలం వ్యసనానికి వైద్యం చేశాడు. ప్రెసిడెంటు బుష్ మొదటివాడి హయాంలో మత్తుమందుల విధానం నడిపే ఆఫీసులో రెండోస్థానంలో పనిచేశాడు. జైలుగోడల మధ్య వ్యసనాన్ని చూసినవాడు ఒకరు, ప్రభుత్వ బడ్జెట్ పుస్తకాల్లో చూసినవాడు ఇంకొకరు. ఇద్దరూ కలవటంతో సంస్థకి ఒక రూపం వచ్చింది. రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ మొదట్లో డబ్బు సహాయం చేసింది. తన తాగుడు, మాత్రల అలవాటు గురించి 1978లో దేశమంతటికీ చెప్పుకున్న బెట్టీ ఫోర్డ్ తొలి డైరెక్టర్ల బోర్డులో కూర్చుంది.

అదే 1992లో మన నెల్లూరు జిల్లాలో ఏం జరిగిందో పాఠకులకి గుర్తుండే ఉంటుంది. దూబగుంట గ్రామంలో అక్షరాస్యత తరగతులకి వచ్చిన ఆడవాళ్లు ఒక పాఠం చదువుకుని తమ ఊరి సారాయి గురించి మాట్లాడుకోవటం మొదలుపెట్టారు. మగవాడు తెచ్చే కూలి ఎంత, అందులో సారా కొట్టుకి పోయేదెంత, ఇంటికి చేరేదెంత? ఆ లెక్క తెలిశాక వాళ్లు ఊరుకోలేదు. కొట్టు మూయించారు. రోశమ్మ పేరు పత్రికలకెక్కింది. ఊరి తరవాత ఊరు లేచి సారా వేలంపాటలనే ఆపించింది. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాయి నిషేధించారు. 1995 జనవరి 16 నుంచి ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఖజానాకి ఆబ్కారీ డబ్బు లేకపోతే గడవదన్నది అప్పుడు వినిపించిన వాదన.

మద్యనిషేధం మన రాజకీయాల్లో అంతకుముందే ఒక ప్రభుత్వాన్ని మింగింది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు కాలంనాటి నిషేధం మనతో పాటే వచ్చింది. దాన్ని ఉంచాలా తియ్యాలా అన్న తగువు మీద 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. నిషేధం పెట్టటం, ఎత్తెయ్యటం రెండూ మనవాళ్లూ చేశారు, అమెరికావాళ్లూ చేశారు. ఖర్చు ఎవరు పెడుతున్నారు, ఏ పద్దు కింద పెడుతున్నారు అని కూర్చుని లెక్క కట్టినవాళ్లే ఎప్పుడూ తక్కువ. దూబగుంట ఆడవాళ్లు ఇంటిపద్దు తీశారు. కాసా ప్రభుత్వాల పద్దు తీసింది.

ఆ పద్దు 2001లో వెలువడింది. 1998లో అమెరికా రాష్ట్రప్రభుత్వాలు పొగాకు, మద్యం, మత్తుమందుల వ్యవహారాల మీద మొత్తం 8,130 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టాయని తేల్చారు. అది వాళ్ల బడ్జెట్లలో 13 శాతం పైమాటే. అందులో ప్రతి డాలరుకీ 96 సెంట్లు జరిగిపోయిన నష్టాన్ని ఎత్తిపోయటానికే సరిపోయాయి. అంటే జైళ్లు, కోర్టులు, ఆసుపత్రులు, తల్లిదండ్రులు చూసుకోలేని పిల్లల సంరక్షణ వగైరా. జరగకుండా ఆపటానికీ, వైద్యానికీ కలిపి పెట్టింది నాలుగు సెంట్లు. ఈ ఖర్చు బడ్జెట్లో ఒకచోట కనిపించదు. జైళ్ల శాఖలో కొంత, వైద్యశాఖలో కొంత, బడుల ఖర్చులో కొంత దాగి ఉంటుంది. దాన్ని వెతికి ఒకచోట కుప్ప పోసి చూపించటమే కాసా చేసిన గొప్పపని. 1998లోనే జైళ్ల మీద ఇంకో రిపోర్టు ఇచ్చింది. అప్పుడు జైళ్లలో ఉన్న 17 లక్షలమందిలో 14 లక్షలమంది కేసుల్లో మద్యానికో మత్తుమందుకో ఏదో ఒక సంబంధం ఉందని చెప్పింది.

ఇప్పుడు డాక్టర్ల సంగతి. 2000 సంవత్సరంలో కాసా 648మంది ప్రైమరీ కేర్ డాక్టర్లని సర్వే చేసింది. మితిమీరి తాగటం మొదలైన ఒక రోగి లక్షణాలు కాగితం మీద వర్ణించి, ఇతనికి ఏ జబ్బు ఉండవచ్చో అయిదు ఊహలు రాయమంది. పిల్లల డాక్టర్లని మినహాయిస్తే 94 శాతంమంది ఆ అయిదింటిలో కూడా తాగుడు పేరు ఎత్తలేదు. పిల్లల డాక్టర్లకి మత్తుమందు వాడుతున్న కుర్రవాడి లక్షణాలు ఇస్తే 41 శాతంమంది దాన్ని పట్టుకోలేదు. రక్తపుపోటు గుర్తించటానికి మేము బాగా సిద్ధంగా ఉన్నామన్నవాళ్లు సుమారు 83 శాతం. తాగుడు గుర్తించటానికి సిద్ధంగా ఉన్నామన్నవాళ్లు 20 శాతం. వైద్యం చేయించుకుంటున్న 510మంది రోగులనీ అడిగారు. వాళ్లలో సగానికి పైగా మా డాక్టరు ఈ విషయంలో ఏమీ చెయ్యలేదన్నారు.

ఈ అంకెలు చదివి తెల్లడాక్టర్లని తప్పుపట్టుకుంటే మనకి ఒరిగేదేమీ లేదు. ఈ దేశపు చిన్న పట్టణాల్లో, పెద్ద నగరాల ప్రభుత్వాసుపత్రుల్లో ప్రైమరీ కేర్ నడిపేవాళ్లలో మనవాళ్లు ఎందరో ఉన్నారు. మన మెడికల్ కాలేజీల్లో కాలేయం గట్టిపడటం గురించి పుటలు పుటలు చదివించారు. ఆ కాలేయం యజమానిని ఏమని అడగాలో చాలామందికి ఎవరూ నేర్పలేదు. దానికి తోడు మన మర్యాద ఒకటి. ఎదుటి మనిషి వయసులో పెద్దవాడైతే, అందులోనూ మన ఊరివాడైతే, ఏమండీ, వారానికి ఎన్నిసార్లు తాగుతారు అని అడగటం మనకి అమర్యాదగా తోస్తుంది. చక్కెర ఎంత ఉందో అడుగుతాం, ఉప్పు ఎంత వేసుకుంటారో అడుగుతాం. ఈ ఒక్క ప్రశ్న దగ్గర నాలుక మడతపడుతుంది. కాసా సర్వే చెప్పింది ఇదే. జబ్బు దాక్కోలేదు. డాక్టరు అడగలేదు.

2005లో కాసా ఇంకో హెచ్చరిక చేసింది. డాక్టరు చీటీ మీద ఇచ్చే నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు వంటివి పెడదోవన వాడేవాళ్ల సంఖ్య 1992లో 78 లక్షలు ఉంటే 2003కి ఒక కోటీ 51 లక్షలు అయిందని చూపించింది. ఆక్సికాంటిన్ మాత్ర 1996లో మార్కెట్లోకి వచ్చిన సంగతి డాక్టర్లకీ ఫార్మసిస్టులకీ గుర్తే. హెచ్చరిక అచ్చయింది, పత్రికలు రాశాయి, చీటీలు రాయటం ఆగలేదు. తరవాత జనం హెరాయిన్‌కీ, ఫెంటనిల్‌కీ మళ్లారు. మోతాదు మించి చనిపోయినవాళ్లు 2021, 2022, 2023 సంవత్సరాల్లో ఏడాదికి లక్షమందికి పైగా లెక్కకి వచ్చారు. 2024లో ఆ సంఖ్య సుమారు 80 వేలకి తగ్గింది. తగ్గటం శుభమే. 80 వేలంటే మన వైపు ఒక మునిసిపాలిటీ జనాభా.

కాసా చెప్పిన లెక్కలన్నీ సరైనవేనా అంటే కావు. ఇది కూడా చెప్పకపోతే చరిత్ర రాసినట్టు కాదు. 2002 ఫిబ్రవరిలో ఆ సంస్థ ఒక రిపోర్టులో ఈ దేశంలో అమ్ముడయ్యే మద్యంలో నాలుగోవంతు చట్టప్రకారం వయసురాని పిల్లలే తాగుతున్నారని ప్రకటించింది. పత్రికలు పెద్ద అక్షరాలతో వేశాయి. వెంటనే ఫెడరల్ అధికారులు అది తప్పు అన్నారు. ఆ లెక్కకి మూలం ప్రభుత్వ సర్వేయే. ఆ సర్వేలో పిల్లల సంగతి బాగా తెలియాలని కావాలనే పిల్లలని ఎక్కువమందిని తీసుకున్నారు. జనాభాలో వాళ్ల పాలెంతో చూసి తగ్గించుకోవాలి. కాసావాళ్లు తగ్గించలేదు. సరిచేస్తే 25 శాతం కాస్తా 11.4 శాతం అయింది. సవరించలేదన్న మాట కాసా ఒప్పుకుంది. కాని 11.4 కూడా నమ్మదగినంత కాదు, చాలా తక్కువ అని వాదించింది. మరుసటి ఏడు వాళ్లే ఇంకోరకంగా లెక్కగట్టి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్లో 19.7 శాతం అని అచ్చువేశారు.

ఇది చిన్న పొరపాటని కొట్టిపారెయ్యటానికి లేదు. భయపెడితే జనం వింటారని అంకెని పెద్దది చేస్తే, అది తప్పని తేలిననాడు సరైన అంకెని కూడా నమ్మరు. మద్యం వ్యాపారులకి అంతకంటే కావలసిందేముంది? అలాగే 1994లో కాసా గంజాయి వాడిన పిల్లలు వాడనివాళ్లకంటే కొకెయిన్ ముట్టే అవకాశం 85 రెట్లని చెప్పినప్పుడు, ఒకదాని వెనక ఇంకొకటి వచ్చినంతమాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదుకదా అని పండితులు అడిగారు. కాకి వాలటం, తాటిపండు పడటం అన్న మన న్యాయమే అది.

అదే ప్రశ్న కాసా చేసిన పనుల్లో అందరికీ తెలిసిన దాని మీద కూడా వచ్చింది. పిల్లలతో కలిసి రాత్రిభోజనం చెయ్యండి అని 2001 నుంచి ప్రతి సెప్టెంబరులో ఒక సోమవారాన్ని ఫామిలీ డేగా జరిపింది. వారానికి అయిదు రోజులో అంతకంటే ఎక్కువో ఇంట్లో అందరితో కలిసి తినే పిల్లలతో పోలిస్తే, మూడు రోజులకంటే తక్కువ తినేవాళ్లలో పొగాకు వాడేవాళ్లు రెండింతలని 2010 రిపోర్టులో చెప్పింది. 2012లో ఇద్దరు సమాజశాస్త్రజ్ఞులు పెద్దసంఖ్యలో పిల్లల వివరాలు గట్టిగా పరీక్షించారు. కలిసి తినే కుటుంబాలు మిగతా విషయాల్లో కూడా సాధారణంగా కుదురుగా ఉన్నవేనని, ఆ తేడా తీసేస్తే మత్తుమందుల విషయంలో భోజనపు మహిమ నిలబడదని, పిల్లల మనసులోని దిగులు తగ్గటంలో మటుకు కొంత నిలబడుతుందని తేల్చారు.

ఇది మనకి ముఖ్యమైన సంగతి. మేము కలిసే తింటాం, మా ఇంట్లో ఆ బాధ రాదు అని నిశ్చింతగా ఉండేవాళ్లు మనలో చాలామంది. పప్పు, కూర, పెరుగు వేసుకుని అందరం ఒక బల్ల దగ్గర కూర్చున్నా, మాటలన్నీ మార్కులూ కాలేజీ అడ్మిషన్లే అయితే ఆ భోజనం వల్ల పిల్లవాడు మనకి ఏం చెప్పుకోగలడు? అన్నం మధ్యలో వాడు ఒక సంగతి చెబితే మనం కేక వెయ్యకుండా వినగలమా? బహుశా మందు అక్కడ ఉంది, కంచంలో లేదు.

కాసా తరవాతి కథ పొట్టిగా చెప్పవచ్చు. 2012లో అయిదేళ్ల పరిశోధన ఫలితంగా ఒక పెద్ద రిపోర్టు ఇచ్చింది. 12 ఏళ్లు దాటిన అమెరికన్లలో నాలుగు కోట్లమందికి వ్యసనరోగం ఉందని, వైద్యం కావలసినవాళ్లలో పదిమందికి ఒక్కరికే ఏదో ఒక వైద్యం దొరుకుతోందని, ఆ వైద్యం చేసేవాళ్లలో కూడా ఎక్కువమంది శిక్షణ పొందిన డాక్టర్లు కారని చెప్పింది. 2016లో అడిక్షన్ మెడిసిన్‌ని ఒక ప్రత్యేక వైద్యశాఖగా గుర్తించారు. బూప్రెనార్ఫిన్ మందు రాయటానికి డాక్టర్లకి విడిగా అనుమతి ఉండాలన్న నిబంధన 2022 చివర కాంగ్రెసు తీసేసింది. క్లెబర్ 2018లో మరణించాడు. 2019లో కాసా ఇంకో సంస్థతో కలిసిపోయింది. అది 1987లో పెనం మీద గుడ్డు కొట్టి మత్తుమందు తగిలితే నీ మెదడు ఇలా అవుతుందని టీవీలో చూపించిన సంస్థ. అప్పట్లో ఇక్కడ టీవీ చూసినవాళ్లెవరూ ఆ గుడ్డుని మరిచిపోలేదు. రెండూ కలిసిన సంస్థకి 2020లో పార్ట్‌నర్‌షిప్ టు ఎండ్ అడిక్షన్ అని పేరు పెట్టారు. లెక్కలు తీసే సంస్థ, ప్రకటనలు వేసే సంస్థ ఒకటై, పిల్లల గురించి బెంగపడే తల్లిదండ్రులకి సలహా చెప్పే పనిని ముందుకు తెచ్చాయి.

ఇంతకీ ఈ చరిత్రలో మనం తీసుకోవలసిందేమిటి? మొదటిది, వ్యసనం విషయంలో తీర్పు చెప్పటం తేలిక, లెక్క తియ్యటం కష్టం. అయినా లెక్కే ఉపయోగపడింది. రెండోది, ఆ లెక్క నిజాయితీగా ఉండాలి. మంచిపని కోసం చెప్పినా తప్పు అంకె తప్పు అంకే. మూడోది, ఎవరూ అడగని మనిషి ఏ లెక్కలోకీ రాడు. మన తెలుగువాళ్ల ఇళ్లలో తాగుడుతో బాధపడే భర్త ఉంటే పదవీ, జీతం, ఇల్లూ దాన్ని కప్పేస్తాయి. మాత్రలు మింగే కొడుకో కూతురో ఉంటే చదువు ఒత్తిడి అంటాం. సంబంధాలు చెడిపోతాయని బంధువులకి చెప్పం. ఇండియాలో ఉన్న తాతయ్యకీ అమ్మమ్మకీ అసలే చెప్పం. తోటి తెలుగు డాక్టరుగారి దగ్గరికి వెళ్లటానికి మరీ సిగ్గు. ఆ డాక్టరుగారు కూడా, మనవాళ్లే కదా అని అడగరు. ఇలా ఇద్దరూ ఒకరి పరువు ఒకరు కాపాడుతుండగా జబ్బు తన పని తాను చేసుకుపోతుంది.

మన సంఘాలు ఆరోగ్య శిబిరాలు పెడుతూనే ఉంటాయి. రక్తపుపోటు చూస్తారు, చక్కెర చూస్తారు, కొలెస్టరాల్ మీద ఉపన్యాసం ఇస్తారు. అదే కాగితం మీద తాగుడు గురించీ, నిద్రమాత్రల గురించీ రెండు ప్రశ్నలు చేర్చటానికి ఖర్చేమీ కాదు. పేరు రాయనక్కరలేదు. జవాబులు విడిగా, రహస్యంగా ఒక డాక్టరు చూస్తే చాలు. యువజనుల కార్యక్రమాల్లో క్విజ్, స్పెల్లింగు పోటీలతో పాటు ఒక గంట ఈ విషయానికి ఇచ్చి, పెద్దలని గదిలోంచి పంపించి, పిల్లలని మాట్లాడనివ్వవచ్చు. దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు దిద్దుకుంటూనే తమ ఇంటిలెక్క తాము తీసుకోగలిగారు. ఇన్ని డిగ్రీలు పేరు వెనక తగిలించుకున్న మనకి అది అసాధ్యం కాకూడదు.